ఉబ్బసానికి మారిన వైద్యం: సరైన ఇన్‌హేలర్, సరైన పీల్పు, దుమ్ము తగలని ఇల్లు

ఆదోనిలో పత్తి మార్కెట్ యార్డుకు కూతవేటు దూరంలో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును నేను. యార్డు ముందు పత్తి బండ్లు బారులు తీరే కార్తీకం మొదలుకొని శివరాత్రి వెళ్లేదాకా మా కౌంటరు దగ్గర తరచుగా వినపడే మాట "అన్నా, ఆ నీలం పంపు ఒగటి ఇయ్యి" అనేది. ఆయాసం వచ్చినప్పుడు నొక్కి నోటితో పీల్చే ఇన్‌హేలర్ అది. ఒక్కో డబ్బాలో సాధారణంగా 200 పఫ్‌లు, అంటే నొక్కులు, ఉంటాయి. దాన్ని ఇరవై రోజుల్లో ఖాళీ చేసి మళ్లీ వచ్చిన మనిషి రోజుకు పదిసార్లు ఆ పంపు నొక్కుకున్నాడన్నమాట. ఆయనకు మరో డబ్బా ఇచ్చి పంపడం కన్నా ముందు, ఆయన ఉబ్బసానికి అసలు మందు పడడం లేదన్న సంగతి చెప్పడం నా బాధ్యత. గత కొన్నేళ్లలో ఈ జబ్బుకు చేసే వైద్యం బాగా మారింది కానీ, ఆ మార్పు మన ఊళ్లలో రోగుల చేతి అలవాటులోకి ఇంకా పూర్తిగా రాలేదు. అదేమిటో, ఇంట్లోనూ పనిచోటా దాన్ని ఎలా ఆచరించాలో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పిన ఏ మందునైనా డాక్టరు చూసి రాసిన తరువాతే మొదలుపెట్టాలి; ఇప్పటికే వాడుతున్నదాన్ని మీ అంతట మీరు ఆపవద్దు.

ముందు అది ఉబ్బసమేనా అని తేల్చుకోవాలి

మన వైపు ఆయాసపడే ప్రతి మనిషికీ ఉబ్బసమనే పేరు పెట్టేస్తారు. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల ప్రాంతాలలో రాళ్లు కోసే, పాలిష్ పట్టే యూనిట్లలో ఏళ్ల తరబడి పనిచేసినవారికి రాతిపొడి వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ఉండవచ్చు. కట్టెల పొయ్యి ముందు ముప్పై నలభై ఏళ్లు గడిపిన అవ్వలకు, బీడీలు మానని తాతలకు వచ్చే ఆయాసం చాలాసార్లు ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే సీఓపీడీ అనే వేరే జబ్బు. గుండె బలహీనపడినా, క్షయ ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా ఎగశ్వాస వస్తుంది. ఉబ్బసానికి ఉన్న గుర్తు ఏమిటంటే అది వస్తూ పోతూ ఉంటుంది: పగలంతా బాగున్న మనిషి రాత్రి రెండు మూడు గంటలకు దగ్గుతో లేచి కూర్చుంటాడు, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తాయి, తెల్లవారి రెండు గంటలు గడిస్తే మళ్లీ మామూలుగా ఉంటాడు.

దీన్ని తేల్చే పరీక్ష స్పైరోమెట్రీ. ఒక గొట్టంలోకి బలంగా ఊది, తరువాత ఊపిరి గొట్టాలను వదులుచేసే మందు పీల్చి, కొద్దిసేపు ఆగి మళ్లీ ఊదాలి. పెద్దవారిలో మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి మందు పీల్చాక కనీసం 12 శాతమూ, 200 మిల్లీలీటర్లూ పెరిగితే ఉబ్బసమనే అనుమానం బలపడుతుంది. పరీక్షకు ముందు ఏ ఇన్‌హేలర్‌ను ఎన్ని గంటలు ఆపాలో అడిగి వెళ్లాలి. మందు పీల్చి నేరుగా వెళ్తే తేడా కనిపించదు. బాగున్న రోజున చేస్తే పరీక్ష మామూలుగా రావచ్చు, అంతమాత్రాన ఉబ్బసం లేదని కాదు. అటువంటప్పుడు ఊపిరిని ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న సాధనం కొని, రెండు వారాలపాటు ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు ఊది, ఎక్కువగా వచ్చిన అంకెను నోటుపుస్తకంలో రాసుకుంటే, ఆ హెచ్చుతగ్గులే డాక్టరుకు సగం కథ చెబుతాయి. కర్నూలు, అనంతపురం, కడపలలోని ప్రభుత్వ బోధనాసుపత్రులలో ఊపిరితిత్తుల విభాగాలు ఉన్నాయి; ఏళ్లుగా మందులు మింగుతూ ఒక్కసారి కూడా ఊదే పరీక్ష చేయించుకోనివారు అక్కడికి ఒక పూట వెళ్లి రావడం మంచిది.

నీలం పంపు ఒక్కటే ఎందుకు సరిపోదు

ఉబ్బసంలో రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి, జిగట కఫాన్ని ఊరిస్తుంది. ఆ గొట్టాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ కండరాన్ని వదులు చేస్తుంది, అది కూడా నాలుగైదు గంటలపాటు. లోపలి వాపును అది ముట్టదు. వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్, అంటే బుడెసొనైడ్ వంటి మందు. మన మట్టి మిద్దెల సంగతి తెలిసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. వాన పడేటప్పుడు కారేచోట గిన్నె పెట్టడం సాల్బుటమాల్ చేసే పని. వానలకు ముందే మిద్దెకెక్కి చౌడు పోసి తొక్కడం స్టెరాయిడ్ చేసే పని. ఎన్ని గిన్నెలు పెట్టినా మిద్దె బాగుపడదు.

ప్రపంచమంతటా ఉబ్బస వైద్యానికి మార్గదర్శకాలు తయారుచేసే గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా అనే సంస్థ, పొట్టిగా జీనా, 2019లో ఒక పెద్ద మార్పు ప్రకటించింది. పెద్దవారిలోనూ, 12 ఏళ్లు దాటిన పిల్లలలోనూ ఉబ్బసం ఎంత స్వల్పమైనదైనా సాల్బుటమాల్ ఒక్కదానితోనే వైద్యం చేయవద్దని, ప్రతివారికీ పీల్చే స్టెరాయిడ్ ఏదో ఒక రూపంలో అందాలని చెప్పింది. అందుకు కారణం ఉంది. ఏడాదికి మూడు, అంతకు మించి సాల్బుటమాల్ డబ్బాలు ఖర్చయ్యేవారికి తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువ. 12, అంతకు మించి ఖర్చయ్యేవారికి ప్రాణాపాయమే ఎక్కువ. నెలకొక డబ్బా అన్నది మా దుకాణంలో అరుదైన లెక్క కాదు, అందుకే ఈ అంకెలను నేను ప్రతి రోగికీ చెబుతాను.

కొత్త పద్ధతిలో వాడేది బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్. ఫార్మోటెరాల్ సాల్బుటమాల్ లాగానే కొద్ది నిమిషాలలో ఊపిరి అందిస్తుంది, దాని ప్రభావం దాదాపు 12 గంటలు ఉంటుంది. దానితోపాటే స్టెరాయిడ్ కూడా లోపలికి పోతుంది కాబట్టి, ఆయాసమనిపించి పంపు అందుకున్న ప్రతిసారీ వాపుకు కూడా మందు పడుతుంది. ఉబ్బసం స్వల్పంగా ఉన్నవారికి దీన్ని అవసరమైనప్పుడు మాత్రమే పీల్చమని డాక్టరు రాయవచ్చు. 2018లో వెలువడిన సిగ్మా అనే అధ్యయనంలో, ఇలా వాడినవారికి తీవ్రమైన ఆయాసం వచ్చిన సందర్భాలు స్టెరాయిడ్ లేని ఊరటపంపు ఒక్కటే వాడినవారి కన్నా 64 శాతం తక్కువగా ఉన్నాయి. ఉబ్బసం అంతకన్నా ఎక్కువగా ఉన్నవారు అదే పంపును ఉదయం, రాత్రి క్రమం తప్పకుండా పీల్చి, మధ్యలో ఆయాసం వస్తే మళ్లీ దాన్నే పీల్చాలి. ఒక పఫ్‌లో ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు ఉన్న ఇన్‌హేలర్ అయితే, పెద్దవారికి రోజు మొత్తానికి 12 పఫ్‌లు గరిష్ఠ పరిమితి. అన్ని అవసరమైన రోజున ఇంట్లో కూర్చోకూడదు, డాక్టరును కలవాలి.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. స్టెరాయిడ్ కలిసిన ప్రతి ఇన్‌హేలర్‌నూ ఇలా మధ్యలో పీల్చకూడదు. ఫార్మోటెరాల్ బదులు సాల్మెటెరాల్ ఉన్నది నిదానంగా పనిచేస్తుంది, అది ఉదయం, రాత్రి పీల్చడానికే. డబ్బా మీద పేరు చదివించుకొని, "ఆయాసం వచ్చినప్పుడు ఇదే వాడాలా, వేరేది వాడాలా" అని డాక్టరును నేరుగా అడిగి, జవాబును చీటీ మీదే రాయించుకోవాలి. 12 ఏళ్ల లోపు పిల్లలకు మందు, మోతాదు వేరుగా ఉంటాయి, పెద్దల పంపును వారికి పట్టకూడదు.

స్టెరాయిడ్ అనగానే భయపడేవారు చాలామంది. ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కు సాధారణంగా 100, 200 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ ఉంటుంది. ఆయాసం ముదిరినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ బిళ్లలు రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. ఈ రెండు మందుల బలం ఒకటి కాకపోయినా, బరువు లెక్కన చూస్తే ఒక్కరోజు మింగే బిళ్లలు 200 మైక్రోగ్రాముల పఫ్‌లు 200 పీల్చినదానితో సమానం. పైగా బిళ్ల ఒళ్లంతా తిరుగుతుంది, పంపులోది చాలావరకు గొట్టాల దగ్గరే పనిచేస్తుంది. పంపుకు భయపడి బిళ్లకు అలవాటుపడడం చిన్న భయంతో పెద్ద ప్రమాదాన్ని తెచ్చుకోవడమే.

పంపు పీల్చే పద్ధతి

కొన్నేళ్ల కిందట ఒక అవ్వకు చీటీలో రాసిన రోటాక్యాప్ గుళికల సీసా ఇచ్చాను. మూడు నెలల తరువాత ఆమె "బిళ్లలు మింగుతానే ఉండా, ఆయాసం తగ్గలేదు నాయనా" అంటూ వచ్చింది. పీల్చవలసిన గుళికలను ఆమె పూటపూటా మంచినీళ్లతో మింగింది. తప్పు నాది, గుళికలు చేతికిచ్చానే గాని, ఎలా పీల్చాలో చూపలేదు. అప్పటినుంచి ఇన్‌హేలర్ కొన్న ప్రతివారినీ నా ముందే ఒకసారి పీల్చి చూపమంటాను. పదేళ్లుగా వాడుతున్నవారు కూడా ఎక్కడో ఒకచోట పొరబడుతుంటారు.

నొక్కే పంపు అయితే మూత తీసి, నోరుపెట్టే చోట దుమ్ము లేదని చూసి, బాగా కుదపాలి. కొత్తదైనా, చాలా రోజులు వాడనిదైనా డబ్బాతో వచ్చిన కాగితంలో చెప్పినన్ని పఫ్‌లు ముందు గాలిలోకి వదలాలి. నిటారుగా కూర్చొని ఊపిరిని మెల్లగా పూర్తిగా బయటికి వదిలి, పంపును పళ్ల మధ్య పెట్టి పెదవులు బిగించి, లోపలికి పీల్చడం మొదలైన క్షణంలోనే నొక్కి, నాలుగైదు సెకన్లపాటు మెల్లగా, లోతుగా పీల్చాలి. పంపు తీసి నోరు మూసి మనసులో పది లెక్కపెట్టి వదలాలి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి పీల్చాలి; రెండూ ఒకేసారి నొక్కితే మందు సరిగా లోపలికి చేరదు. నొక్కిన వెంటనే ముక్కులోంచో, పెదవుల పక్కనుంచో తెల్లటి పొగ కనిపించిందంటే ఆ మందు గాలిపాలైనట్టే.

ఈ నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరనివారికి స్పేసర్ తప్పనిసరి. నా అభిప్రాయంలో నొక్కే పంపు వాడే ప్రతివారికీ అది ఉండాలి. కొన్ని వందల రూపాయలకే దొరికే ఈ ప్లాస్టిక్ డబ్బాలోకి ఒక పఫ్ నొక్కి, దాన్ని మెల్లగా నాలుగైదు శ్వాసలతో పీల్చుకోవచ్చు. చిన్నపిల్లలకైతే మాస్కు ఉన్నది కావాలి. వారానికోసారి సబ్బు నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వాలి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తు వల్ల మందు గోడలకు అంటుకుంటుంది. అత్యవసరానికి స్పేసర్ లేనప్పుడు 500 మిల్లీలీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, సందు లేకుండా బిగించి, సీసా మూతి నుంచి పీల్చవచ్చు. అటువంటి సీసా పిల్లలలో కొన్న స్పేసర్‌తో సమానంగా పనిచేసిందని 1999లో దక్షిణాఫ్రికా పరిశోధకులు చూపారు.

పొడి పీల్చే రోటాహేలర్ వంటి సాధనానికి పద్ధతి పూర్తిగా వేరు. అందులో మందును తోసే వాయువు ఉండదు, మీ పీల్పు బలమే పొడిని లోపలికి తీసుకుపోవాలి. కాబట్టి వేగంగా, బలంగా, లోతుగా పీల్చాలి. సాధనంలోకి ఎప్పుడూ ఊదకూడదు, లోపల చెమ్మ చేరి పొడి గడ్డకడుతుంది. పీల్చాక తెరిచి చూస్తే గుళికలో పొడి మిగిలి ఉంటే మళ్లీ పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న ఏ ఇన్‌హేలర్ తరువాతైనా నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పొర, గొంతు బొంగురు వస్తాయి. డబ్బాలో ఇంకా మందుందా లేదా అని నీళ్లలో తేలించి చూడడం నమ్మదగిన పద్ధతి కాదు. అంకెలు చూపే డబ్బా కొనండి, లేదా మొదలుపెట్టిన తేదీని డబ్బా మీదే పెన్నుతో రాసుకోండి.

దుమ్ము, పొగ, ఘాటు

మందు ఎంత మంచిదైనా, రోజూ ఎనిమిది గంటలు దుమ్ములో గడిపితే దాని బలం చాలదు. జిన్నింగు మిల్లులో పనిచేసేవారు, కల్లంలో బుడ్డలు (వేరుశనగ) దులిపేవారు, ఎండుమిరప యార్డులో కూలికి పోయేవారు ఒక పని చేయాలి: రెండు మూడు వారాలపాటు ఏ రోజు ఆయాసం ఎంత ఉందో, ఆ రోజు పనికి వెళ్లారో లేదో రాసుకోవాలి. సెలవురోజులలో, ఊరికి పోయినప్పుడు తేలికపడి, పనిలోకి రాగానే ఛాతీ బిగుసుకుంటుంటే ఆ కాగితాన్ని డాక్టరుకు చూపాలి. సెలవు తరువాత పనిలోకి వచ్చిన మొదటిరోజే ఛాతీ పట్టేసినట్టుండడం పత్తి దుమ్ము వల్ల వచ్చే బిస్సినోసిస్ అనే జబ్బుకు కూడా గుర్తు. ముఖానికి కట్టుకునే తువాలు, చీర కొంగు పెద్ద నలుసులను ఆపుతాయే గాని సన్నటి దుమ్మును ఆపలేవు. ముక్కు పక్కన సందు లేకుండా పట్టే ఎన్-95 మాస్కు కొంతవరకు ఆపుతుంది. మాస్కు కన్నా మేలైనది, యజమానిని అడిగి దుమ్ము తక్కువగా ఉన్న పనికి మారడం.

ఇంట్లో కసువు ఊడ్చేముందు నీళ్లు చల్లుకోవాలి, వీలైతే తడిగుడ్డతోనే తుడవాలి. కారం దంచేటప్పుడు, మిరపకాయల తాలింపు పెట్టేటప్పుడు ఉబ్బసమున్నవారు ఆ గదిలో లేకుండా చూసుకోవాలి. గ్యాసు ఉన్న ఇళ్లలో కూడా నీళ్లు కాచుకోవడానికి, జొన్నరొట్టెలకు కట్టెల పొయ్యి వెలిగించే అలవాటు ఉంది. ఆ పొయ్యిని ఆరుబయటికి మార్చినా మేలే. దోమల చుట్ట, సాంబ్రాణి, అగరబత్తి ఈ మూడింటి పొగ ఊపిరికి ఒకటే, కాబట్టి దోమలకు తెర కట్టుకోవడం ఉత్తమం. వానలు పడ్డాక బీళ్లలో, రోడ్ల పక్కన ఒత్తుగా పెరిగే వయ్యారిభామను పూత పట్టకముందే పీకేయాలి. ఆ పీకే పని ఉబ్బసమున్నవారు చేయకూడదు. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాగేవారు ఇంట్లో ఎవరైనా సరే, పక్కన పడుకున్న పిల్లకూ ఆ పొగ అందుతుంది.

బిళ్లలు, సూదులు, తిథి చూసి వేసే మందులు

ఆయాసం వచ్చినప్పుడల్లా ఊళ్లో ఒక సూది వేయించుకుని, నాలుగు రంగుల బిళ్లలు పొట్లం కట్టించుకుని తెచ్చుకోవడం మన పల్లెల్లో పాత అలవాటు. ఆ పొట్లంలో చాలాసార్లు స్టెరాయిడ్ బిళ్ల ఉంటుంది, అందుకే అంత త్వరగా తేలికపడుతుంది. జీవితం మొత్తంలో అటువంటి విడతలు నాలుగైదే అయినా ఎముకలు గుల్లబారడం, కంటి శుక్లాలు, మధుమేహం వంటి వాటి ముప్పు పెరుగుతుందని జీనా హెచ్చరిస్తోంది. డాక్టరు అవసరమని రాసిన విడతను పూర్తిగా వాడాలి. దాన్నే మళ్లీ మళ్లీ మీరే కొనుక్కోకూడదు, నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపనూ కూడదు. ఉబ్బసమున్న కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలతో ఆయాసం ఎత్తుకుంటుంది. తలనొప్పికి, రక్తపోటుకు వాడే ప్రొప్రనొలోల్, గ్లకోమాకు కంట్లో వేసే టిమోలోల్ చుక్కలు కూడా గొట్టాలను బిగించగలవు. అందుకే ఏ జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందుగా ఉబ్బసమున్నదని చెప్పాలి.

మృగశిర కార్తెకు చేపమందు కోసం హైదరాబాద్ బయలుదేరేవారిని ఏటా చూస్తుంటాను. వారి నమ్మకాన్ని నేను తప్పుపట్టను; అయితే అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని పరీక్షలలో రుజువు కాలేదు, కాబట్టి వెళ్లివచ్చినవారు కూడా ఇన్‌హేలర్ ఒక్కపూటైనా మానకూడదు. ప్రాణాయామానికీ ఇదే మాట వర్తిస్తుంది. ఊపిరి మీద పట్టు పెరగడానికి అది తోడ్పడుతుంది, వాపును అది తగ్గించలేదు.

ఆయాసం ఎత్తుకున్నప్పుడు

పడుకోబెట్టకూడదు; కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంగనిచ్చి, బిగుతు బట్టలు వదులు చేయాలి. ఊరటకు సాల్బుటమాల్ రాసి ఉన్నవారికి స్పేసర్‌లో ఒక్కో పఫ్ చొప్పున, ఒక్కోదానికి నాలుగేసి శ్వాసలతో, నాలుగు పఫ్‌లు ఇచ్చి నాలుగు నిమిషాలు చూడాలి. తేరుకోకపోతే మళ్లీ నాలుగు ఇస్తూనే 108కి ఫోను చేయాలి. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ పంపు వాడేవారు డాక్టరు రాసిచ్చిన ప్రకారం ఒక్కో పఫ్ పీల్చి కొద్ది నిమిషాలు ఆగి చూసుకోవాలి, ఒక విడతలో ఆరు దాటకూడదు. ఒక వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, మగతగా ఉండడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోవడం, అంతకుముందు వినిపించిన పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోవడం అన్నవి క్షణం కూడా ఆలస్యం చేయకూడని గుర్తులు. పిల్లికూతలు ఆగితే నయమైందని అనుకుంటారు. గాలే ఆడడం లేదని దాని అర్థం. మా ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాదాపు 100 కిలోమీటర్లు. అంతదూరం పోదామని ఎదురుచూడకుండా ఆక్సిజన్, మందును ఆవిరిలా చేసి పీల్పించే నెబ్యులైజర్ ఉన్న దగ్గరి ఆసుపత్రికే ముందు చేరాలి.

అప్పటికీ అదుపులోకి రాకపోతే

గడిచిన నాలుగు వారాలలో వారానికి రెండుసార్ల కన్నా ఎక్కువగా పగటిపూట ఆయాసం వచ్చిందా, రాత్రి ఎప్పుడైనా లేచారా, ఊరటపంపు వారానికి రెండుసార్లు దాటిందా, చేయవలసిన పని ఆగిందా అని నెలకోసారి చూసుకోవాలి. ఒక్కదానికి అవునన్నా అదుపు చాలలేదన్నమాట. అప్పుడు డాక్టరు ముందు పీల్చే పద్ధతిని, రోజూ వాడుతున్నారా లేదా అన్నదాన్ని, దుమ్ము, పొగ, ముక్కు అలర్జీ, కడుపులో మంటను చూస్తారు. ఇవన్నీ సరిదిద్ది, మోతాదు పెంచినా ఆయాసం వస్తూనే ఉన్న కొద్దిమందికి ఇప్పుడు బయోలాజిక్స్ అనే సూదిమందులు ఉన్నాయి. రక్తంలో అలర్జీకి సంబంధించిన ఐజీఈ అనే పదార్థం, ఈసినోఫిల్ అనే తెల్లకణాల లెక్క చూసి ఎవరికి ఏది పనిచేయవచ్చో నిర్ణయిస్తారు. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఒమాలిజుమాబ్ అలర్జీ ఉబ్బసానికి రెండు లేదా నాలుగు వారాలకోసారి వేసేది. మెపోలిజుమాబ్ నాలుగు వారాలకోసారి, బెన్రాలిజుమాబ్ మొదటి మూడు మోతాదుల తరువాత ఎనిమిది వారాలకోసారి వేస్తారు. ఇవి ఖరీదైనవి, అందరికీ అవసరం లేనివి. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు స్టెరాయిడ్ బిళ్లల మీద బతుకుతున్న మనిషి వీటి గురించి ఊపిరితిత్తుల డాక్టరును తప్పక అడగాలి.

మరొక విషయం ఆడపిల్లల తల్లిదండ్రులకు. కడుపుతో పుట్టింటికి వచ్చిన బిడ్డ చేత ఇన్‌హేలర్ మాన్పించవద్దు. పీల్చే మందు కన్నా, తల్లికి ఊపిరి చాలక కడుపులోని బిడ్డకు ఆక్సిజన్ తగ్గడమే ఎక్కువ ప్రమాదం.

ఉబ్బసం పూర్తిగా అదుపులో ఉండి మూడు నెలలు గడిచాక మోతాదు తగ్గించవచ్చేమో డాక్టరును అడగవచ్చు. దానికి పత్తి సీజను, జలుబు చేసి ఉన్న రోజులు, పురుడు దగ్గరపడ్డ నెలలు కాకుండా నిదానమైన కాలాన్ని ఎంచుకోవాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న డబ్బాలన్నీ, ఖాళీవి కూడా, స్పేసర్, పీక్ ఫ్లో అంకెల పుస్తకం ఒక సంచిలో వేసుకుని పోయి, డాక్టరు ముందే ఒకసారి పీల్చి చూపించండి.